ముల్లు చూడకుండా రాసిన రిపోర్టు

ఏ మీటరు కొనాలి

మోటార్ల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను కలిస్తే ముందుగా అడిగేది ఒకటే. "ఏ మీటరు కొనమంటారండి?" పని ఎలా ఉంటుందని అడగరు. షాక్ కొడితే ఏం చేయాలని అడగరు. మీటరు గురించే అడుగుతారు. నేను రెండు కొనమంటాను, ఒకటి డిజిటల్‌ది, ఇంకొకటి పాతకాలపు ముల్లు మీటరు. ముల్లు మీటరు అనగానే వాళ్ల మొహాల్లో నా మీద జాలి కనిపిస్తుంది. ఇంట్లో ఫోను వాడటం రాని పెద్దవాళ్లను చూసినప్పుడు కలిగే జాలి అది. నాకు ఫోను బాగానే వాడటం వచ్చు. అయినా ముల్లు మీటరు కొనమనే చెబుతాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో ఒక చిన్న సర్వీసు కంపెనీలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ మిల్లులు, ఇలా ఎక్కడ పెద్ద మోటారు మొరాయిస్తే అక్కడికి బ్యాగు తీసుకుని బస్సెక్కడమే నా ఉద్యోగం. ప్రమోషన్ల సంగతి చెప్పను. రెండే వచ్చాయి. రెండుసార్లూ పని మారలేదు, బ్యాగు మారింది.

మా కంపెనీ యజమాని సోమయాజులు గారు. మంచి మనిషి. అబద్ధం చెప్పరు, ఎవరినీ తిట్టరు. ఆయనకున్న బలహీనత ఒకటే, పాయింటు తర్వాత వచ్చే అంకె. "నలభై రెండు ఆంపియర్లండి" అంటే ఆయన పెన్ను కాగితం మీద ఆగిపోయేది. "పాయింటు ఎంతయ్యా?" అనేవారు. పాయింటు లేని అంకె ఆయనకు స్నానం చేయకుండా గుడికి వచ్చిన మనిషిలా కనిపించేది.

వంద పాయింటు సున్నా

చేరిన కొత్తల్లో తణుకు దగ్గర ఒక రైసు మిల్లుకు ఆయనతో కలిసి వెళ్లాను. మిల్లువాళ్లు కొత్త జనరేటరు పెట్టుకుంటున్నారు. ఎంత పెద్దది పెట్టాలో తేల్చాలంటే మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఎంత కరెంటు లాగుతుందో చూడాలి. ప్యానెల్ మీద వంద ఆంపియర్ల ముల్లు మీటరు ఉంది. నేను మీటరు ముందు నిలబడ్డాను. సోమయాజులు గారు పుస్తకం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు.

మోటారు స్టార్ట్ చేశారు. ముల్లు టక్కున ఎగిరి చివరికి కొట్టుకుంది. కాసేపు అక్కడే ఉండి మెల్లగా నలభైకి దిగింది.

"ఎంత?"

"వంద సార్."

"పాయింటు?"

నేను కొంచెం ఆలోచించాను. "సున్నా సార్."

ఆయన తృప్తిగా 100.0 అని రాసుకున్నారు. ఆ లెక్క ప్రకారం జనరేటరు వచ్చింది. మిల్లు యజమాని బంధువులందరినీ పిలిచాడు. కొబ్బరికాయ కొట్టి బటన్ నొక్కాడు. జనరేటరు గేదె మూలిగినట్టు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. కొబ్బరికాయ సరిగ్గా పగల్లేదని ఎవరో అన్నారు. ఇంకొకటి కొట్టారు. మళ్లీ మూలిగింది. మూడో కాయ తేవడానికి మనిషి వెళుతుంటే, లోపం కాయలో లేదని నాకు అర్థమైంది.

ముల్లు స్కేలు చివర ఆగిందంటే కరెంటు అక్కడ ఆగిందని కాదు. ముల్లు వెళ్లడానికి ఇంక చోటు లేదని. ఆ మోటారు స్టార్టింగులో రెండు వందల పైనే లాగుతోంది. పెద్ద స్కేలు ఉన్న మీటరు పెట్టినా, దాని ముల్లుకు బరువుంటుంది కాబట్టి అంత తొందరగా మారే కరెంటు వెనకాల అది పరిగెత్తలేదు. అసలు శిఖరం ఎక్కడుందో ముల్లు చూపించేలోపే ఆ శిఖరం అయిపోతుంది. కాబట్టి ముల్లు మీటరు గొప్పదని నేను అనను. అది ఏం చూపించగలదో, ఏం చూపించలేదో తెలిసినవాడికి మాత్రమే పనికొస్తుంది.

నాకు ఈ పాఠం ఒక్కసారికే వచ్చేసిందనుకున్నాను. ఇంకా పెద్ద తప్పు ఒకటి చేయాల్సి ఉందని అప్పుడు తెలియదు.

గెంతే అంకెలు

రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు సోమయాజులు గారు నాకు ఒక డిజిటల్ టాంగ్ టెస్టరు కొనిచ్చారు. తీగను కోయక్కర్లేదు, విప్పక్కర్లేదు. చిలక ముక్కులాంటి దాని నోరు తెరిచి తీగ చుట్టూ పట్టిస్తే చాలు, కరెంటు ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. పాయింటు తర్వాత రెండు అంకెలు ఉన్నాయి. ఆయన దాన్ని నా చేతికి ఇచ్చేటప్పుడు కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఇచ్చారు.

ఆ వారమే మొగల్తూరు దాటాక ఉన్న ఒక ఐసు ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. యజమాని వీర్రాజు గారు. కంప్రెసరు తిప్పే పెద్ద మోటారు రోజుకు మూడు నాలుగుసార్లు దానంతటదే ట్రిప్పయి ఆగిపోతోంది. అది ఆగితే ఐసు దిమ్మలు గట్టిపడవు. ఐసు లేకపోతే పడవల మీద వచ్చిన చేపలు మధ్యాహ్నానికే పాడైపోతాయి.

నేను వెళ్లి కొత్త మీటరు పట్టించాను. అంకెలు గెంతడం మొదలుపెట్టాయి. అరవై రెండు, డెబ్బై తొమ్మిది, యాభై ఎనిమిది, డెబ్బై ఒకటి, మళ్లీ అరవై. క్లబ్బులో హౌసీ ఆడించేవాడు అంకెలు పిలిచినట్టుంది. సోమయాజులు గారు ఫోనులో ఉన్నారు.

"ఎంత లాగుతోందయ్యా?"

"గెంతుతోందండి. ఒక చోట ఆగట్లేదు."

"దానికి హోల్డ్ బటన్ ఉంది. నొక్కు."

నొక్కాను. 71.43 దగ్గర ఆగింది.

"అద్దీ!" అన్నారాయన. పాయింటు తర్వాత రెండు అంకెలు ఉన్నాయి మరి.

పక్కన నిలబడి చూస్తున్న ఆపరేటరు సత్తిబాబు మెల్లగా అన్నాడు. "ఇందాక నొక్కుంటే యాభై ఎనిమిది వచ్చేది కదండి."

అతను చెప్పింది అక్షరాలా నిజం. నేను విననట్టు నటించాను. నాకప్పుడు యాభై ఆరేళ్లు, చేతిలో కొత్త మీటరు ఉంది, ఎదురుగా ఒక ఆపరేటరు. వినకపోవడానికి ఈ మూడూ చాలు.

లోడు ఇలా క్రమం లేకుండా మారుతోందంటే కంప్రెసరు లోడును పెంచే, తగ్గించే వాల్వును ఎవరో తిప్పుతున్నారని అనుకున్నాను. వాల్వు దగ్గర ఉండేది సత్తిబాబే. రిపోర్టులో ఇలా రాశాను: "లోడులో క్రమం లేని హెచ్చుతగ్గులు. ఆపరేటరు వాల్వును అనవసరంగా తిప్పడం వల్ల కావచ్చు."

సోమయాజులు గారు చదివి ఒక్క మాట కొట్టేశారు. "రిపోర్టులో 'కావచ్చు' అని ఉంటే మనకేం తెలీదనుకుంటారయ్యా." 'కావచ్చు' పోయి 'వల్లనే' వచ్చింది. నేను సంతకం పెట్టాను. నా వృత్తి జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే. మీటరు తప్పుగా చదవడం దానికంటే చిన్నది.

వీర్రాజు గారు రిపోర్టు చదివి సత్తిబాబును ఆ రోజే ఇంటికి పంపించేశారు. పదకొండేళ్లుగా ఆ మోటారును నడిపిన మనిషి.

ఏదీ ముట్టుకోని మనిషి

పది రోజులకు వీర్రాజు గారు మళ్లీ ఫోను చేశారు. "ఏవండీ విశ్వనాథం గారూ, మోటారు ఇంకా ట్రిప్పవుతోందండి."

"వాల్వు దగ్గర ఎవరుంటున్నారండి?"

"మా బావమరిది బుల్లబ్బాయండి."

"ఆయన తిప్పుతున్నారేమో చూడండి."

"లేదండి. వాడు ఏదీ ముట్టుకోడండి. మా పెళ్లయిన దగ్గర్నుంచి చూస్తున్నాను కదా."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వీర్రాజు గారి మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. బుల్లబ్బాయి ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల మాత్రం ఊపాడు. నేనక్కడ ఉండగానే మోటారు రెండుసార్లు ట్రిప్పయింది. రెండుసార్లూ అతని చేతులు కట్టుకునే ఉన్నాయి. వాల్వు దోషం కాదని ఇంతకన్నా గట్టి సాక్ష్యం ప్రపంచంలో దొరకదు.

బయటికి వస్తే ఐసు కోసం బుట్టలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలోంచి ఒకావిడ నా దారికి అడ్డంగా వచ్చింది. చేపలమ్మే మంగ. సత్తిబాబు భార్య.

"మీరేనాండి రిపోర్టు రాసిన ఇంజనీరు గారు?"

నేనేనన్నాను.

"మీ మీటర్లో అంకెలు గెంతితే మా ఆయన్ని గెంటించేశారేంటండి?"

వెనకాల ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఇప్పుడాయన ఏం చేస్తున్నారమ్మా?" అన్నాను.

"ఏం చేస్తారండి? మా మరిదిగారి పడవెక్కారు. ఆయనకి పడవ పడదండి. చిన్నప్పట్నుంచీ అంతే, అల లేచిందంటే వాంతులే. అందుకే కదండి ఈ మోటారు పని నేర్చుకుంది! ఇప్పుడు ఓ చేత్తో వల లాగుతూ ఓ చేత్తో పొట్ట పట్టుకుంటున్నారు. 'నువ్వు తెచ్చే చేపకంటే సముద్రానికి నువ్వు పెట్టే మేతే ఎక్కువరా అన్నయ్యా' అని మా మరిది ఏడుస్తున్నాడు."

మళ్లీ అందరూ నవ్వారు. మంగ నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కనపడకుండా ఇంకా గట్టిగా మాట్లాడింది. "మోటారుకేదో జబ్బు చేసిందండి. రెండు నెలల్నుంచి మూలుగుతోంది. నాకు తెలుసు, మీకు తెలీదా?"

"ఎలా మూలుగుతోందమ్మా?"

ఆవిడ బుట్ట కింద పెట్టింది. "ఊఁ... ఊఁ... ఊఁ... ఇలాగండి. పొద్దున్నే నేనొచ్చేసరికి నెమ్మదిగా మూలుగుతాది. కాస్త పొద్దెక్కాక, లోడెక్కువయ్యాక, ఊఁ ఊఁ ఊఁ అని తొందర తొందరగా మూలుగుతాది. పని ఎక్కువైతే ఆయాసమొచ్చే మనిషిలాగ."

లోడు పెరిగితే మూలుగు వేగం పెరుగుతోందట! కంప్రెసరులో లోపముంటే అలా జరగదు. కంప్రెసరు ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి దాని దెబ్బ కూడా ఒకే లయలో పడుతుంది. లోడుతో పాటు లయ మారిందంటే జబ్బు మోటారు గుండెలో ఉంది. ఇది నేను చదువుకున్నదే. ఇద్దరు కొత్తవాళ్లకు చెప్పాను కూడా. అంకెలు గెంతుతుంటే చూస్తూ, దాన్ని పూర్తిగా మరిచిపోయాను.

బొట్ల కింద ముల్లు

ఆ లయను కంటితో చూడాలి. దానికి ముల్లు కావాలి. నా ముల్లు మీటరును కొత్తది వచ్చాక ఇంట్లో అటక మీద పెట్టేశాను. ఫ్యాక్టరీ ప్యానెల్ మీద ఏదైనా ఉందా అని చూస్తే, స్టార్టరు పైన అరచేయంత గుండ్రటి మీటరు ఒకటి కనిపించింది. కానీ గాజు కనపడలేదు. ఏటా ఆయుధపూజకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దాని మీద మరుసటి ఏడు ఇంకో బొట్టు పెట్టి, మీటరు మొత్తం గట్టిగా పెచ్చు కట్టుకుపోయింది. ప్యానెల్లో బొట్టు పెట్టడానికి అంత గుండ్రంగా, అంత నున్నగా ఉన్న చోటు ఇంకొకటి లేదు మరి.

తడిగుడ్డ అడిగాను. వీర్రాజు గారు కంగారుపడ్డారు. "అమ్మవారి బొట్టండి! తుడిచేస్తారేంటండి?"

"తుడవకపోతే ముల్లు కనపడదండి."

"మోటారే బాగోలేనప్పుడు బొట్టు కూడా తీసేస్తే ఎలాగండి?"

ఇద్దరం గుడ్డ చెరో అంచు పట్టుకుని నిలబడ్డాం. నా వెనకాలే లోపలికొచ్చేసిన మంగ విసుక్కుంది. "ఆ పక్కన రేకంతా ఖాళీగానే ఉంది కదండి. అమ్మవారు ఓ జానెడు పక్కకి జరగదా?" అని తన చీర కొంగు ముడిలోంచి కుంకుమ తీసి, రేకు మీద ఇంత బొట్టు పెట్టింది. వీర్రాజు గారు దానికి దణ్ణం పెట్టి గుడ్డ వదిలేశారు.

గాజు తుడిచాను. లోపల ముల్లు ఊగుతోంది.

యాభై ఎనిమిది నుంచి డెబ్బై తొమ్మిదికి, మళ్లీ వెనక్కి. తీరిగ్గా, ఒకే లయలో, ఉయ్యాల ఊగినట్టు. డిజిటల్ మీటరు చూపించిన అంకెలన్నీ అక్కడే ఉన్నాయి. అది అబద్ధం చెప్పలేదు. మధ్యమధ్య కళ్లు తెరిచి, అప్పటికి ఉయ్యాల ఎక్కడుందో ఆ అంకె చెప్పింది. ఉయ్యాల ఊగుతోందన్న సంగతి మాత్రం చెప్పలేకపోయింది. ముల్లు స్టార్టింగు కరెంటు వెనకాల పరిగెత్తలేదు కానీ, సెకనుకు సుమారు ఒకసారి ఊగే కరెంటుతో చక్కగా నడవగలదు. ఎప్పుడు దేన్ని నమ్మాలో తెలుసుకోవడమే మన పనంతా.

ఇప్పుడు లోడు పెంచి, తగ్గించి చూడాలి. వాల్వును నెమ్మదిగా తిప్పగల చెయ్యి కావాలి. బుల్లబ్బాయి వైపు చూశాను. అతను చేతులు ఇంకా గట్టిగా కట్టుకున్నాడు.

"మా ఆయన పడవ పదకొండింటికి ఒడ్డుకొస్తాదండి" అంది మంగ.

సత్తిబాబు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, నడక ఇంకా పడవ మీద నడిచినట్టే ఉంది. నన్ను చూసి, నేరుగా వాల్వు దగ్గరికి వెళ్లాడు. ఏదైనా అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"సత్తిబాబు గారూ, కొంచెం లోడు తగ్గించండి" అన్నాను. పదకొండేళ్లలో ఆ ఫ్యాక్టరీలో అతన్ని గారూ అని పిలిచింది నేనేనేమో, వీర్రాజు గారు తిరిగి చూశారు.

సత్తిబాబు తగ్గించాడు. నేను ఫోనుతో ముల్లును నిమిషం సేపు వీడియో తీశాను. నిదానంగా చూసి లెక్కపెడితే నలభై చిల్లర ఊగులు. లోడు పెంచమన్నాను. ఈసారి డెబ్బై దాటాయి. కంప్రెసరు చక్రం వేగంలో తేడా లేదు. మంగ నా భుజం మీంచి ఫోనులోకి చూస్తూ, "నే చెప్పలా?" అంది.

మోటారు లోపల తిరిగే ఇనప దిమ్మను రోటరు అంటారు. దాని చుట్టూ లోహపు బార్లు ఉంటాయి. వాటిలో కొన్ని విరిగితే కరెంటు ఇలాగే ఊగుతుంది.

విప్పమనడం

విరిగాయని చెప్పడం వేరు, విప్పమనడం వేరు. మోటారు విప్పితే రెండు రోజులు ఐసు ఉండదు. సోమయాజులు గారికి ఫోను చేశాను.

"నేను కొనిచ్చిన మీటరు ఏమంటోందయ్యా?"

"గెంతుతోందండి."

"మరి ముల్లు?"

"ఊగుతోందండి."

"రెండూ ఒకటే కదయ్యా!"

"కాదండి" అన్నాను. అన్నేళ్లలో ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

వీర్రాజు గారితో ఇలా అన్నాను. "బార్లు విరిగి లేకపోతే నేను మళ్లీ మీ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కనండి."

"అది సరేనండి, మరి మోటారు సంగతేంటి?" అన్నారాయన.

చివరికి ఆయన సత్తిబాబును అడిగారు. "నువ్వేమంటావురా?"

సత్తిబాబు చాలాసేపు ముల్లునే చూశాడు. "ఇప్పేద్దామండి. ఇది నాకు తెలిసిన మోటారు కాదండి" అన్నాడు.

ఆ రెండు రోజులకు భీమవరం నుంచి లారీ మీద ఐసు తెప్పించుకున్నారు. మోటారును రీవైండింగు షాపులో విప్పుతుంటే నేను దగ్గరే నిలబడ్డాను. రోటరు బయటికి లాగి, తుడిచి, లైటు పెట్టారు. బార్లన్నిటినీ చివర కలిపే రింగుకు అతుక్కునే చోట మూడు బార్లు విరిగి, చుట్టూ నల్లగా మాడిపోయి ఉన్నాయి. నేను వెళ్లి బయట అరుగు మీద కూర్చుని ఒక సోడా తాగాను. అంత రుచైన సోడా నేను మళ్లీ తాగలేదు.

చదివి వినిపించడం

కొత్త రిపోర్టు రాశాను. అందులో ఒక వాక్యం చేర్చాను: "మా మొదటి రిపోర్టు తప్పు. ఆపరేటరు లోపం ఏమీ లేదు." సోమయాజులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, 'తప్పు' అన్న చోట 'సాంకేతిక కారణాల వల్ల సవరించడమైనది' అని రాద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఆ కాగితాన్ని రెండు రోజులు టేబుల్ మీదే ఉంచుకుని, మూడో రోజు సంతకం పెట్టారు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మోటారు బాగై వచ్చిన రోజు కాగితం తీసుకుని వెళ్లాను. మళ్లీ పనిలోకి వచ్చిన సత్తిబాబు చేతికి ఇవ్వబోతే మంగ అడ్డుకుంది. "ఆయన్ని అందరి ముందూ పంపించారండి. ఇదీ అందరి ముందే చదవండి." ఐసు కోసం వచ్చిన ఆడవాళ్లు, లారీలోంచి దిమ్మలు దించేవాళ్లు, వీర్రాజు గారు, అందరూ మోటారు దగ్గర చుట్టూ చేరారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "పై విషయమునకు సంబంధించి, మేము జరిపిన తదుపరి పరిశీలనలో..."

"తెలుగులో చెప్పండి బాబూ" అంది మంగ.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "సత్తిబాబు గారు వాల్వు ముట్టుకోలేదు. మోటారు పాడైంది. నేను సరిగ్గా చూడకుండా ఆయన మీద రాశాను. తప్పు నాది."

మీలో ఎవరికైనా ఇలాంటి మాటలు చెప్పాల్సి వస్తే, ఇంట్లో ముందే రెండుసార్లు చెప్పుకుని రండి. నేను చెప్పుకుని వెళ్లలేదు. నేను సత్తిబాబు వైపు చూశాను. ఏదో అంటాడని ఎదురుచూశాను. పర్లేదండి అంటాడనో, కోప్పడతాడనో.

అతను స్టార్టరు వైపు చూస్తున్నాడు. నేను సరిగ్గా దానికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

"కాస్త పక్కకి జరగండి సార్" అన్నాడు. "టైమవుతోంది. పడవలొచ్చేస్తాయి."

నేను పక్కకి జరిగాను.